పాత డబ్బా ఎక్కడ?

మామిడి సీజన్లో పికప్ బండి ఒక్కరోజు ఆగితే యజమానికి ఎంత నష్టమో తెలియాలంటే లెక్కలు అక్కర్లేదు, ఆ మనిషి మొహం చూస్తే చాలు. మొన్న మే నెలలో మా బావమరిది మొహం అలాగే ఉంది. ఆగిరిపల్లి తోటల నుంచి నున్న మార్కెట్‌కు బంగినపల్లి కాయ తోలుతుంటాడు. ఓ తెల్లవారుజామున నిండు లోడుతో దారిలో బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఫోను చేశాడు. "సెల్ఫ్ తిరుగుతోంది బావా, ఇంజన్ అందుకోవట్లేదు."

కాయలు వేరే బండిలోకి మార్చి, దీన్ని తాడు కట్టి కంపెనీ వర్క్‌షాపుకు లాక్కుపోయారు. స్కానర్ పెట్టిన కుర్రాడు పది నిమిషాల్లో తేల్చేశాడు. "ఈసీఎం పోయింది. కొత్తది వేయాలి." దాని ధర బండి కిస్తీలు మూడు కడితే ఎంతవుతుందో అంత. అదీ అక్కడ లేదు, తెప్పించాలి. తొమ్మిది రోజులు పట్టింది. కోతలు జోరుగా ఉన్న తొమ్మిది రోజులవి.

ఈసీఎం అంటే ఇంజన్‌కు లెక్కలు కట్టే డబ్బా. మన మెకానిక్కులు ఈసీయూ అన్నా, కంప్యూటర్ అన్నా అదే. క్రాంక్ ఎంత తిరిగింది, గాలి ఎంత వచ్చింది, నీళ్లు ఎంత వేడెక్కాయి అని సెన్సర్లు చెబుతుంటే, ఏ ఇంజెక్టర్ ఏ క్షణాన తెరుచుకోవాలో, ఎంత డీజిల్ చిమ్మాలో ఇది నిర్ణయిస్తుంది. ఇప్పటి కామన్ రైల్ ఇంజన్లలో డీజిల్ వెయ్యి బార్లు దాటిన ఒత్తిడితో ఉంటుంది. టైరులో గాలి ఒత్తిడికి అది వందల రెట్లు. పాత మెకానికల్ పంపు బండ్లకు ఈ గొడవ లేదు. బ్యాటరీ చచ్చినా నలుగురు తోస్తే స్టార్టయ్యేవి. కాకపోతే పొగ కూడా అలాగే కక్కేవి. 2017 ఏప్రిల్‌లో దేశమంతటా బీఎస్-4, 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక ఈ డబ్బా లేకుండా డీజిల్ పికప్ లేదు. పొగ తగ్గింది, మంచిదే. నేను పాత పంపుల కోసం కన్నీళ్లు పెట్టేవాణ్ని కాను.

అసలు కథకు వస్తాను. కొత్త డబ్బా వేశారు, బండి స్టార్టయింది, బిల్లు కట్టి తెచ్చుకున్నాం. ఐదో రోజున అదే దగ్గు, అదే ఆగడం.

ఈసారి విజయవాడ ఆటోనగర్ తీసుకెళ్లాం. అక్కడి ఎలక్ట్రీషియన్‌కు అరవై దాటి ఉంటాయి. స్కానర్ ఉంది గానీ వెంటనే తీయలేదు. ముందు మీటరు తీశాడు. ఒక తీగ బ్యాటరీ మైనస్ మీద, రెండోది చాసిస్ మీద పెట్టి "సెల్ఫ్ కొట్టు తమ్ముడూ" అన్నాడు. సున్నా దగ్గర ఉండాల్సిన ముల్లు రెండు వోల్టుల దాకా వెళ్లింది. "ఇదిగో, దొంగ ఇక్కడున్నాడు" అన్నాడు. సెల్ఫ్ కొట్టినప్పుడు పన్నెండు వోల్టుల బ్యాటరీ ఎలాగూ పదికి పడిపోతుంది. అందులో రెండు దారిలోనే పోతే డబ్బాకు మిగిలేది ఎనిమిది. ఆకలితో ఉన్నవాడు లెక్కలు ఏం చేస్తాడు?

తొట్టి కింద చెయ్యి పెట్టి ఎర్త్ తీగ బిగించిన బోల్టు విప్పాడు. కింద పచ్చటి చిలుము, తుప్పు. చలికాలంలో ఈ బండి కైకలూరు నుంచి చేపలు తోలింది. ఐసు నీళ్లు, ఉప్పు కారి కారి బోల్టును తినేశాయి. ఎమరీ పేపరుతో రుద్ది, తీగ చివర కొత్తది వేసి, బిగించి, వ్యాజ్‌లైన్ రాశాడు. మళ్లీ మీటరు పెడితే ముల్లు కదిలీ కదలనట్టుంది. బండి ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది. ఆయన తీసుకున్నది ఐదు వందలు. టీ కూడా ఆయనే తాగించాడు.

మరి కొత్త డబ్బాతో నాలుగు రోజులు ఎలా తిరిగింది? డబ్బా మార్చేటప్పుడు బ్యాటరీ తీగలు విప్పుతారు, కప్లర్లు లాగుతారు, వైరింగ్ అటూ ఇటూ కదులుతుంది. ఆ కదలికకు చెడిన అతుకు కాస్త అంటుకుంటుంది. గుంతల్లో నాలుగు ట్రిప్పులు కొట్టగానే మళ్లీ వదులవుతుంది. దీన్ని చూసి జబ్బు నయమైందనుకోవడం పొరపాటు.

స్కానర్ అబద్ధం చెప్పదు, కానీ అది చెప్పింది మనం సరిగ్గా వినాలి. ఉదాహరణకు యూ-0100 అనే కోడ్ ఉంది. ఈసీఎంతో మాట కలవడం లేదని దాని అర్థం. ఫోను స్విచాఫ్ వస్తే మనిషి పోయాడని పాడె కడతామా? చార్జింగ్ అయిపోయిందేమో, సిగ్నల్ లేదేమో అనుకుంటాం. డబ్బాకు కరెంటు వస్తోందా, ఎర్త్ ఉందా, రిలే పనిచేస్తోందా, ఫ్యూజు కాలిందా, ఎలుక వైరు కొరికిందా అని ఆ వరసలో చూడాలి. ఒక్కోసారి చిన్న సెన్సర్ షార్టయి, డబ్బా సెన్సర్లకిచ్చే ఐదు వోల్టుల సరఫరాను మొత్తం కిందికి లాగేస్తుంది. సెన్సర్ల కప్లర్లు ఒక్కొక్కటే పీకుతూ పోతే దోషి ఎవరో తెలుస్తుంది. దీనికి ఓపిక కావాలి. వర్క్‌షాపులో లోపించింది చదువు కాదు, ఆ ఓపికే. గంటకు ఇన్ని బండ్లు బయటికి పంపాలని ఆ కుర్రాడి నెత్తిన ఎవరో కూర్చున్నప్పుడు, డబ్బా మార్చడమే తేలిక.

ఈసీఎంలు నిజంగా చావవా అంటే, చస్తాయి. బ్యాటరీ తీగలు విప్పకుండా తొట్టికి వెల్డింగ్ కొట్టిస్తే చస్తాయి. మన పికప్‌లకు ఇది ఏటా జరిగే పెళ్లి. జంప్ ఇచ్చేటప్పుడు ప్లస్, మైనస్ తారుమారైనా, సర్వీసింగ్‌లో ప్రెషర్ పంపుతో నీళ్లు నేరుగా కప్లర్ల మీద కొట్టినా అంతే. లోపల షార్టయిన ఇంజెక్టర్ కూడా డబ్బాలో దాన్ని నడిపే భాగాన్ని కాల్చేస్తుంది. అప్పుడు ఇంజెక్టర్ సంగతి చూడకుండా కొత్త డబ్బా వేస్తే, అదీ కాలుతుంది.

ఇక నిజంగా మార్చాల్సి వస్తే నాలుగు బోల్టులు విప్పి బిగిస్తే అయిపోయే పని కాదు. ఆ మోడల్‌కు తగిన సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి. తాళంచెవిలోని చిప్‌ను అది గుర్తుపట్టాలి, లేకపోతే ఇంజన్ స్టార్టయ్యి మరుక్షణం ఆగుతుంది, అసలు స్టార్టే కాకపోవచ్చు. చాలా ఇంజన్లలో ప్రతి ఇంజెక్టర్ మీద అచ్చేసిన కోడ్‌ను కూడా డబ్బాకు చెప్పాలి. ఇవన్నీ చేసే పరికరం, పాస్‌వర్డ్ కంపెనీ చేతిలో ఉంటాయి. ఆటోనగర్ పెద్దాయనకు జబ్బు తెలుసు, మందు తెలుసు, బీరువా తాళం మాత్రం ఆయన దగ్గర లేదు.

ఇది నా ఒక్కడి గోల కాదు. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా సరిగ్గా ఈ విషయం మీదే 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. విడిభాగాలు, లోపాలు పట్టే పరికరాలు బయటి మెకానిక్కులకు అందకుండా చేయడం తప్పని చెప్పింది. తర్వాత అప్పీళ్లు, కోర్టులు మామూలే. అమెరికాలో మసాచుసెట్స్ ఓటర్లు 2012లోనే రిపేరు హక్కు చట్టానికి ఓటేశారు. మన కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది, అందులో వాహనాలూ ఉన్నాయి. పోర్టల్ మంచిదే. కానీ దాన్ని తెరిస్తే మా ఎలక్ట్రీషియన్‌కు పాస్‌వర్డ్ దొరకదు. కావలసింది చట్టం.

కంపెనీల వాదనలో పస లేదనను. తాళం తీసేస్తే దొంగకూ దారి దొరుకుతుంది, సాఫ్ట్‌వేర్ కెలికి పొగ కట్టడి తీసేసేవాళ్లూ పుడతారు. ఇప్పటికే ఉన్నారు కూడా. కాబట్టి మెకానిక్‌ను నమోదు చేయండి, ఆధార్ తీసుకోండి, ఎవరు ఏ బండి తెరిచారో రాసుకోండి, రుసుము కూడా పెట్టండి. దొంగకు వేసిన తాళం మెకానిక్‌కూ పడితే, కిస్తీ కట్టేవాడే బయట నిలబడతాడు.

బిల్లు కట్టినప్పుడు మేము ఒకటి మరిచాం. విప్పిన పాత డబ్బాను అడగలేదు. తర్వాత వెళ్లి అడిగితే "వాపసు పంపేశాం సార్" అన్నారు. అది బాగానే ఉందో లేదో తేల్చే సాక్ష్యం దానితోపాటే పోయింది. మీ బండికి ఏది మార్చినా సరే, బిల్లు చేతికి తీసుకునే ముందు పాతది అడిగి తెచ్చుకోండి.

– సంచారి