మా ఇంటి ఓనర్ పక్కింటి కాగితంలో దొరికింది

చోడవరంలో మా తాత ఇల్లు అమ్మేద్దామనుకున్నారు. పెంకుటిల్లు, ముందు అరుగు, వెనక బావి. వానొస్తే నాలుగు చోట్ల గిన్నెలు పెట్టాలి. అక్కడ ఇప్పుడెవరూ ఉండటం లేదు. నాన్న, బాబాయి సరే అన్నారు. కొనేవాళ్లు అడ్వాన్స్ ఇస్తామన్నారు. ఒకటే అడిగారు: "పాత కాగితాలు చూపించండి."

ఫోన్ బాగా వాడతాను కాబట్టి పని నాకు అప్పగించారు. అరగంటలో అయిపోతుందనుకున్నా. మూడు నెలలు పట్టింది.

ఇంట్లో దొరికినవి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు. అన్నిటి మీదా తాత పేరే. "ఇంకేం కావాలి?" అన్నాడు బాబాయి. కానీ పన్ను రసీదు హక్కు పత్రం కాదు. పన్ను ఎవరి పేరున కడుతున్నారో చెబుతుంది కానీ ఇల్లు ఎవరిదో తేల్చదు. పోనీ అడంగల్ చూద్దామంటే మా ఇల్లున్నది గ్రామకంఠంలో. పొలాలకున్నట్టు ఒక్కో ఇంటికీ యజమాని పేరు అందులో దొరకదు.

తర్వాత ఈసీ. ఆన్‌లైన్‌లో 1983 నుంచి జరిగినవే కనిపిస్తాయి. మాకు 'నిల్' వచ్చింది. "చూశావా, క్లియర్!" అన్నారు ఇంట్లో. నిల్ అంటే ఆ ఏళ్లలో రిజిస్టరైన లావాదేవీ ఏదీ కనపడలేదని అర్థం, అంతే. అంతకుముందు సంగతి అది చెప్పదు.

అంతకుముందు సంగతి కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పాత పుస్తకాలు వెతికించాలి. వాటికి పేర్ల సూచిక ఒకటి, ఆస్తుల సూచిక ఒకటి ఉంటాయి. మా ఇంటి పాత నంబరు ఎవరికీ గుర్తులేదు. తాత పేరుతో వెతికిస్తే ఏమీ రాలేదు.

దారి చూపించింది పక్కింటి తాత. ఆయన తన దస్తావేజు తెచ్చి అరుగు మీద పరిచారు. ప్రతి దస్తావేజులోనూ నాలుగు హద్దులు రాస్తారు కదా, తూర్పున ఎవరి ఇల్లు, పడమర ఎవరి ఇల్లు అని. అంటే మన ఇంటి సంగతి పక్కింటి కాగితంలో కూడా ఉంటుంది. నేను పడమర హద్దు దగ్గర ఆగిపోయా. అక్కడ తాత పేరు లేదు. మా మామ్మ పేరుంది.

ఈసారి మామ్మ పేరుతో వెతికించా. 1961 నాటి క్రయ దస్తావేజు దొరికింది. ఫీజు కట్టి నకలు తీసుకున్నా. తన నగలు అమ్మగా వచ్చిన సొమ్ముతో మామ్మ ఆ ఇల్లు కొందని అందులో రాసుంది. అమ్మినావిడ కూడా ఒక వితంతువు. సంతకం చోట వేలిముద్ర. 1956లో హిందూ వారసత్వ చట్టం రాకముందు భర్త ఆస్తి మీద వితంతువుకు ఉన్నది పరిమిత హక్కే. ఆ చట్టం వచ్చిన ఐదేళ్లకి ఒకావిడ తన ఇల్లు అమ్మింది, ఇంకొకావిడ కొంది. ఈ ఇద్దరి మాటా మా ఇంట్లో నేనెప్పుడూ వినలేదు. అందరికీ అది 'తాత ఇల్లు'.

అసలు చిక్కు ఇక్కడే వచ్చింది. మామ్మ వీలునామా రాయలేదు. తాత ఆమె కంటే ముందే పోయాడు. కాబట్టి ఆ ఇల్లు ఆమె పిల్లలందరికీ సమానంగా వస్తుంది. పిల్లలు ఇద్దరు కాదు, ముగ్గురు. మాడుగులలో మా అత్త ఉంది. ఆమెను ఎవరూ అడగలేదు. నిజానికి తాత సొంతంగా కొన్న ఇల్లయినా అత్తకి వాటా ఉండేదే. "పెళ్లికి పెట్టాం కదా" అన్న ఒక్క మాటతో దాన్ని పక్కన పెట్టేశారు. మామ్మ పేరు చూశాక ఆ మాట అనడానికి నాన్నకి నోరు రాలేదు.

దస్తావేజు ఫొటో అత్తకి వాట్సాప్‌లో పంపా. వెంటనే ఫోన్ చేసింది.

"ఏట్రా, మాయమ్మ పేరేనా అది?"

"అవునత్తా. నగలమ్మి కొందట."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "మాయమ్మ సెవులకి సాన్నాళ్లు ఈనెపుల్లలే ఉండీవి. ఎందుకో ఇప్పుడు తెలిసింది."

మీ ఇంట్లోనూ పాత ఇల్లుంటే ఈ సెలవుల్లో ఒకసారి వెతకండి. ఒక్క పేరుతో ఆగిపోవద్దు. తాత పేరుతో దొరక్కపోతే మామ్మ పేరుతో, అమ్మమ్మ పేరుతో వెతికించండి. పక్కింటివాళ్ల హద్దులు చూడండి. చోడవరం 2022లో అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది, పాత కాగితాల్లో విశాఖపట్నం జిల్లా అని ఉంటే కంగారు పడకండి. అన్నిటికంటే ముందు, ఇంట్లో పెద్దవాళ్లు గుర్తున్నవి చెప్పగలిగే రోజుల్లోనే అడగండి.

మా ఇంటి అమ్మకం ఆగలేదు. పోయిన ఆదివారం నాన్నే మాడుగుల వెళ్లి అత్తతో మాట్లాడి వచ్చాడు. కొనేవాళ్లకి కూడా చెప్పేశాం, సంతకాలు రెండు కాదు, మూడని.