పత్తి మచ్చలన్నిటికీ ఒకే మందా?

ఈ వారం ఒక కరపత్రం నా చేతికొచ్చింది. పత్తిలో ఆకుమచ్చ కనిపిస్తే లీటరు నీటికి 3 గ్రాముల మాంకోజెబ్ కలిపి రెండు మూడుసార్లు పిచికారీ చేయాలట. అంతే. ఆ మచ్చ ఎలా ఉంటుందో, దేనివల్ల వస్తుందో ఒక్క ముక్క లేదు. కౌలు ముందే కట్టి, విత్తనానికీ ఎరువుకూ అప్పు తెచ్చిన మనిషికి మనం చెప్పే సలహా ఇదా అని ఒళ్ళు మండింది.

పత్తి ఆకును ఎవరైనా ఒక్కసారి చేతిలోకి తీసుకుని చూడండి. ఆల్టర్నేరియా అయితే గోధుమరంగు మచ్చలో ఒకదాని చుట్టూ ఒకటిగా వలయాలుంటాయి. ముదిరాక నడిమి భాగం ఎండి రాలి ఆకుకు చిల్లి పడుతుంది. సెర్కోస్పోరా మచ్చకు నడుమ తెలుపు, అంచున ఎరుపు. బూడిద తెగులును పట్టుకోవాలంటే ఆకు తిరగేయాలి, ఈనెల మధ్య తెల్లటి పొడి కనిపిస్తుంది. కోణాలు కోణాలుగా, నూనె పడ్డట్టు తడిగా మొదలయ్యే నల్లమచ్చ అసలు శిలీంధ్రమే కాదు, బాక్టీరియా. దానికి మాంకోజెబ్ ఎంత కొట్టినా డబ్బు దండగే.

ఆల్టర్నేరియాలోనే మళ్ళీ రకాలున్నాయి. మైక్రోస్కోపు కింద పెడితే మాక్రోస్పోరా సిద్ధబీజానికి పొడవాటి తోక, ఆల్టర్నేటావి పొట్టి తోకలతో గొలుసుకట్టుగా ఉంటాయి. ఒకే జాతిని వేర్వేరు ఊళ్ళ నుంచి తెచ్చి పళ్ళేల్లో పెంచితే ఒకటి ముదురు ఆకుపచ్చగా, ఇంకొకటి బూడిద నలుపుగా పెరుగుతుంది. ఒకటి త్వరగా సిద్ధబీజాలు కడుతుంది, ఇంకొకటి కట్టదు. రంగు తేడా అటుంచండి. ఆకును చంపే శక్తిలోనూ, మందుకు లొంగడంలోనూ తేడా ఉంటుంది. రైతు జేబుకు తగిలేది అక్కడే.

కోరినెస్పోరా సంగతే చూడండి. అమెరికాలో జార్జియా, అలబామా పత్తి చేలల్లో ఆకు రాల్చిన ఈ శిలీంధ్రం ఈమధ్య మన దేశపు పత్తిలోనూ కనిపించింది. టమాటా, దోస, సోయా, రబ్బరు, దేన్నీ వదలదు. జపాన్ దోసతోటల్లో, బ్రెజిల్ సోయా చేలల్లో స్ట్రోబిలూరిన్ మందులకు లొంగని రకాలు పుట్టాయి. మన దుకాణాల్లో ఖరీదైన సీసాలుగా అమ్ముడుపోతున్నవీ ఆ జాతి మందులే. ఇక్కడి చేలల్లో ఉన్న రకం ఏ మందుకు లొంగుతుందో తేల్చకుండా ఆ సీసా ఎవరి ధైర్యంతో కొనాలి?

ధార్వాడ్, పర్భణీ లాంటి చోట్ల వ్యవసాయ విశ్వవిద్యాలయాల పిల్లలు ఊరూరా తిరిగి ఆకులు ఏరి, శిలీంధ్రాలను పెంచి, కొలిచి, సిద్ధాంత గ్రంథాలు రాశారు. నాకు వాళ్ళ మీద గౌరవమే. ఆ ఇంగ్లీషు గ్రంథం పట్టా రాగానే బీరువాలోకి పోవడం మీదే నా కోపం. అందులోంచి ఒక్క పేజీ తెలుగులో రాసి మండలానికి పంపే పని ఎవరిదీ కాకుండా పోయింది. తెలంగాణలోనే పత్తి 45 లక్షల ఎకరాల దరిదాపుల్లో సాగవుతోంది. అంత పంటకు తెగులు గుర్తించే మనిషి మందుల కొట్టు యజమానేనా?

ఇంకొకటి. నేను ఎన్నిసార్లు రాసినా మళ్ళీ రాస్తాను: పొటాష్ చాలని చేనులో ఆల్టర్నేరియా విజృంభిస్తుంది. కాయ పట్టే వేళ మొక్క ఆకుల్లోని పొటాషును కాయలకు తోడేస్తుంది, బలం తగ్గిన ఆకు మచ్చకు చిక్కుతుంది. ఇది ప్రపంచమంతా పత్తి శాస్త్రవేత్తలు ఒప్పుకున్న సంగతి. కానీ యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలకు దొరుకుతుంటే, పొటాష్ బస్తా దానికి ఐదింతలకు పైమాటే. రైతు ఏది కొంటాడు? తెగులుకు సగం బీజం మనం ధరల పట్టికలోనే వేశాం. నేల పరీక్ష చేసి, అవసరమున్న చేనుకు పొటాష్ చవగ్గా ఇస్తే మందుల ఖర్చు ఎంత తగ్గుతుందో ఒక్క జిల్లాలో చేసి చూపమనండి.

పొటాష్ లోటుకు తోడై మచ్చను పెంచే వాన ముసురే పత్తి ఏరేటప్పుడు రైతును రెండోసారి కొడుతుంది. 2025-26కు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. అది 8 శాతం తేమకు. ఆపైన ఒక్కో శాతానికీ కోత, 12 దాటితే కేంద్ర ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐ కొనదు. అక్టోబరు వానలో తడిసిన పత్తిని ఆరబెట్టడానికి కల్లం లేని కౌలు రైతు దళారికి అమ్ముకుని వెళ్ళిపోతున్నాడు. ఆ ఏడాదే ఆగస్టులో దిగుమతి పత్తి మీది 11 శాతం సుంకాన్ని డిసెంబరు చివరిదాకా ఎత్తేశారు, మన పత్తి సరిగ్గా మార్కెట్‌కొచ్చే నెలల్లో. మిల్లుల కష్టం మిల్లులది, కాదనను. కానీ తేమ పేరుతో ధర తెగ్గోసేచోట ఆరబెట్టే యంత్రమూ పెట్టాలి. మండల వ్యవసాయ కార్యాలయంలో ఒక మైక్రోస్కోపు, దాన్ని చూడగలిగిన ఒక తెగుళ్ళ శాస్త్ర పట్టభద్రుడు ఉండాలి. వచ్చే జూన్‌లో విత్తనం పడేలోపు ఈ రెండూ జరగాలి.