స్కేల్స్ దండగట!

మొన్న ఆఫీసులో లంచ్ దగ్గర గిటారు ప్రస్తావన వచ్చింది. నేను రోజూ పొద్దున్నే ఇరవై నిమిషాలు స్కేల్స్ వాయించి, ఆ తర్వాతే నాగోల్‌లో మెట్రో ఎక్కుతానని తెలిసి మా టీములో ఒక కుర్రాడు నా వైపు జాలిగా చూశాడు. "అన్నా, ఈ రోజుల్లో స్కేల్స్ ఎవడు చేస్తడన్నా? పాట పట్టుకో, వీడియో పెట్టుకో, స్లో చేసుకుని వాయించు. చెయ్యి దానంతట అదే తిరుగుతది" అన్నాడు. పక్కనున్న ముగ్గురూ తలలూపారు. ఆ ముగ్గురి ఇళ్ళలోనూ గిటార్లున్నాయండోయ్! ఒకటి అటక మీద, ఒకటి బీరువా వెనక, మూడోది రెండు తీగలు తెగి గోడకి వేలాడుతూ. అక్కడే నాలుగు మాటలు అందామనుకున్నాను గానీ, తినే తిండి చెడగొట్టడం ఎందుకని ఊరుకున్నాను. ఇక్కడైతే నా ఇష్టం కదా :-)

ముందే చెప్పేస్తున్నా, నేను విద్వాంసుణ్ణి కాను. నలభై దాటాక క్లాసికల్ గిటారు పట్టుకున్న సాఫ్ట్‌వేరు జీవిని. పైగా ఆ కుర్రాడు చెప్పిన సిద్ధాంతాన్నే రెండేళ్ళు నమ్మి నిండా మునిగినవాణ్ణి. అందుకే ఇంత మంట.

ఆ ముచ్చట కూడా చెప్తాను. వినాయక చవితి నవరాత్రుల్లో మా అపార్టుమెంటు సెల్లారులో పిల్లల డాన్సుల మధ్య నాకో ఐదు నిమిషాలు ఇచ్చారు. నేను ఎంచుకున్నది 'రొమాన్స్' అనే స్పానిష్ ముక్క. ఎవరు కట్టారో ఎవరికీ తెలీదు గానీ, గిటారు పట్టిన ప్రతివాడూ దాని మీద చెయ్యి వేస్తాడు. 1952లో వచ్చిన 'ఫర్బిడెన్ గేమ్స్' అనే ఫ్రెంచి సినిమాలో నార్సిసో యెపెస్ వాయించాక అది ప్రపంచమంతా పాకింది. దాని మొదటి భాగంలో పాట మొత్తం ఒకే తీగ మీద, అంటే అన్నిటికంటే కింద ఉండే సన్న తీగ మీద నడుస్తుంది. నాలుగో బారులో ఖాళీ తీగ, మూడో ఫ్రెట్, ఏడో ఫ్రెట్. అక్కణ్ణుంచి ఒక్క గెంతులో పన్నెండో ఫ్రెట్. ఇంట్లో వందసార్లు వాయించిన గెంతే. ఆ రోజు నా చిటికెన వేలు పదకొండులో దిగబడింది. ఆ శ్రుతిలో పదకొండో ఫ్రెట్ అంటే పచ్చి అపస్వరం. ముందు వరసలో కూర్చున్న పిల్లలు కిసుక్కున నవ్వారు. రెండోసారి అదే చోటు వచ్చేసరికి భయంతో వేలు పన్నెండు దాటేసింది.

ఇంటికొచ్చాక మా అమ్మ ఒకే ఒక్క మాట అంది. ఆవిడ పెళ్ళికి ముందు రాజమండ్రిలో వీణ నేర్చుకుంది. ఇప్పుడు కీళ్ళనొప్పులతో తీగ నొక్కలేదు గానీ చెవులు మాత్రం భేషుగ్గా ఉన్నాయి. "ఒరేయ్, పై స్వరం సంగతి తర్వాత. నువ్వు చెయ్యి కదపడానికి ముందే కింద స్వరాన్ని చంపేస్తున్నావు. సరళీలు వాయించినవాడెవడూ అలా చెయ్యడు" అంది.

రెండేళ్ళుగా నేను చూసిన ఏ వీడియోలోనూ ఈ ముక్క నా చెవిన పడలేదు. పడినా పట్టించుకునేవాణ్ణి కాదేమో.

ఇప్పుడు కాస్త లెక్కల్లోకి వద్దాం, మనవాళ్ళకి లెక్క చెప్తేనే నమ్మకం కదా. మామూలు క్లాసికల్ గిటారులో తీగ పొడవు 650 మిల్లీమీటర్లు. ఒక్కో ఫ్రెట్ దాటినప్పుడల్లా మిగిలిన తీగ పొడవుని రెండు యొక్క పన్నెండో మూలంతో భాగించాలి. అందుకే మొదటి ఫ్రెట్ గది మూడున్నర సెంటీమీటర్ల పైచిలుకు ఉంటే, పన్నెండు దాటాక వచ్చే గది అందులో సగమే. ఇప్పుడు నేను తప్పిన చోటు చూడండి. మూడు నుంచి ఏడుకి వెళ్ళడమంటే నాలుగు ఫ్రెట్లు, సుమారు 11.3 సెంటీమీటర్లు. ఏడు నుంచి పన్నెండుకి ఐదు ఫ్రెట్లు, కానీ 10.9 సెంటీమీటర్లే! ఫ్రెట్లు పెరిగాయి, దూరం తగ్గింది. "ఐదు ఫ్రెట్లు పైకి" అని బుర్ర చెప్తే చేతికి ఏం అర్థమవుతుందండీ? చేతికి ఫ్రెట్ నంబర్లు తెలీవు, దూరాలే తెలుసు. ఆ దూరాలు మెడ పొడవునా మారిపోతూ ఉంటాయి. వాటిని చేతికి నేర్పే పని ఎవరో ఒకరు చెయ్యాలి కదా?

"పాటలోనే నేర్చుకుంటుంది" అంటారు. అదిగో, సరిగ్గా అక్కడే నా తగువు. పాట వాయించేటప్పుడు కుడిచేతి మూడు వేళ్ళు ఆగకుండా తీగలు మీటుతుంటాయి, బొటనవేలు బేస్ చూసుకుంటుంది, తర్వాత రాబోయే బారే కోసం చూపుడు వేలు సిద్ధమవుతుంటుంది. ఇంత గందరగోళంలో గెంతు తప్పితే, తప్పు మోచేతిదా, బొటనవేలిదా, కంగారుదా అని ఎలా తెలుస్తుంది? దీన్నే మన భాషలో ప్రొడక్షన్‌లో డీబగ్ చెయ్యడం అంటారు. ఆఫీసులో ఎవడైనా ఆ పని చేస్తే రివ్యూలో ఉతికి ఆరేస్తాం. ఇంటికొచ్చి మనం చేసేది మాత్రం అదే! స్కేల్ అంటే మిగతావన్నీ తీసేసి చెయ్యి జరగడం ఒక్కదాన్నే పరీక్షించే చిన్న టెస్టు. అంతకు మించి అందులో మహత్యమేమీ లేదు, అంతకు తక్కువా కాదు.

ఇంకో చోద్యం ఏమిటంటే, "సరిగమలు పాతకాలం చాదస్తం" అని మనం తీసిపారేసేవి ఈ పనికి అచ్చుగుద్దినట్టు సరిపోతాయి. పురందరదాసు పెట్టాడని చెప్పుకునే సరళీ వరసలు మాయామాళవగౌళలో ఉంటాయి కదా. సన్న తీగని షడ్జమం చేసుకుంటే ఆ స్వరాలు పడే ఫ్రెట్లు ఇవీ: 0, 1, 4, 5, 7, 8, 11, 12. ఓసారి జాగ్రత్తగా చూడండి. 0-1, 4-5, 7-8, 11-12, అన్నీ పక్కపక్క జంటలే! చూపుడు వేలు, మధ్య వేలు ఉంటే చాలు. చూపుడు వేలు 1 నుంచి 4కి, 4 నుంచి 7కి, 7 నుంచి 11కి, మొత్తం మూడు ప్రయాణాలు. మొదటి రెండూ మూడేసి ఫ్రెట్లే, కానీ ఒకటి 9.8 సెంటీమీటర్లు, రెండోది 8.2. ఆయన గిటారు కోసం పెట్టలేదు లెండి :-) కానీ ఇరవై నాలుగు మెట్ల వీణ మీద ఎడమచేతి రెండు వేళ్ళతో తీగ పొడవునా తిరిగే పిల్లకి, పాఠం మొదలైన రోజు నుంచే చెయ్యి జరపడం అలవాటవుతుంది. మనం గిటారు మీద నాలుగు ఫ్రెట్ల గదిలో నాలుగు వేళ్ళూ పెట్టుకుని, ఆరు తీగల మీద అడ్డంగా పాకుతూ, దాన్నే స్కేల్ అనుకుంటాం. చెయ్యి గుమ్మం దాటదు. దాటాల్సిన రోజు గుండె దడ.

ఇక రెండో జట్టు సంగతి. "రోజుకి రెండు గంటలు స్కేల్స్, మెట్రోనోము నూట అరవై" అని మీసం మెలేసేవాళ్ళు. వీళ్ళతోనూ నాకు పేచీయే. వీళ్ళు గొప్పగా చూపించే పుస్తకం సెగోవియా 1953లో అచ్చువేయించిన స్కేల్స్. బాబూ, అందులో ఎక్కేటప్పుడు ఒక చోట, దిగేటప్పుడు వేరే చోట చెయ్యి జరిగేలా వేళ్ళ నంబర్లు వేశాడు. అంటే ఆయన చూపు చెయ్యి ఎక్కడ జరుగుతోందన్న దాని మీదే ఉంది, మనవాళ్ళ చూపు మాత్రం స్పీడు మీద. టీవీ చూస్తూ వేళ్ళు ఆడించడం సాధన కాదు. తప్పు గెంతుని వెయ్యిసార్లు చేస్తే, తప్పుగా గెంతడంలో ఆరితేరతారు, అంతే. మా కుర్రాడు "దండగ" అన్నది ఇలాంటి స్కేల్స్‌ని చూసే అయితే, వాడి మాటలో సగం నిజముంది.

ఆ సెగోవియా పుట్టిన 1893లోనే మన ద్వారం వెంకటస్వామి నాయుడు గారూ పుట్టారు. కర్ణాటక ఫిడేలు వాయించేవాళ్ళు ఎలా కూర్చుంటారో గమనించారా? ఫిడేలు తల పాదం మీద ఆనుతుంది, రెండో కొస భుజానికి ఆనుతుంది. వాద్యాన్ని మోసే పని ఎడమచేతికి ఉండదు కాబట్టి అది తీగ మీద హాయిగా జారుతుంది. గిటారు వాళ్ళు ఎడమకాలి కింద చిన్న పీట వేసుకునేదీ ఇందుకే. మీ ఎడమచెయ్యి మెడని మోస్తోందంటే అది ఎక్కడికీ కదల్లేదు. ఒకసారి చెయ్యి పూర్తిగా తీసేసి చూడండి. గిటారు వాలిపోతే, మీ జబ్బు వేళ్ళలో లేదు, కూర్చోవడంలో ఉంది.

ఇప్పుడు నేను చేసేది చెప్తాను, నచ్చితే తీసుకోండి. పైన చెప్పిన ఎనిమిది స్వరాలూ ఒక్క తీగ మీదే, మెట్రోనోము అరవైలో, బీటుకో స్వరం. చెయ్యి జరిగే ముందు స్వరాన్ని దాని బీటు చివరిదాకా మోగనివ్వాలి (అమ్మ మాట!). జరిగేటప్పుడు నొక్కుడు వదిలేయాలి గానీ వేలు తీగని తాకుతూనే ఉండొచ్చు, పట్టాల మీద బండిలాగా. లావు తీగల మీద అయితే కీచుమంటుంది, అక్కడ కొంచెం లేపాలి. బొటనవేలు వెనక ఉండిపోకూడదు, చేతితో పాటే రావాలి. కళ్ళు ముందే వెళ్ళి చేరాల్సిన ఫ్రెట్ మీద ఉండాలి. తప్పితే మొత్తం స్కేల్ మొదటినుంచి కాదు, ఆ రెండు స్వరాలే పదిసార్లు. తర్వాత ఫోనులో రికార్డు చేసి వినడం. నా గెంతుల్ని నేనే విన్న మొదటి రోజు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. ఇదంతా ఇరవై నిమిషాలే. మెట్రో నాగోల్‌లోనే బయల్దేరుతుంది కాబట్టి సీటు దొరుకుతుంది. తార్నాక వచ్చేదాకా కళ్ళు మూసుకుని అవే గెంతులు మనసులో వేసుకుంటాను.

మనకి రోజుకి రెండు గంటలు ఎలాగూ లేవు. రిలీజులు, కాల్సు, పిల్లల హోంవర్కు పోగా మిగిలేది ఆ ఇరవై నిమిషాలే. "టైము లేదు కాబట్టి స్కేల్స్ మానేశా" అనేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే, టైము లేనివాడికే స్కేల్స్ కావాలి. టైమున్నవాడు పాటని వెయ్యిసార్లు వాయించి ఎప్పటికో అప్పటికి దారి కనుక్కుంటాడు. మనం కనుక్కునేలోపు గిటారు అటకెక్కుతుంది. ఆ ముగ్గురూ బద్ధకస్తులని నేననను. ప్రతి పాటలోనూ అదే గెంతు దగ్గర పడిపోతూ, "నాకు టాలెంటు లేదు" అని తేల్చేసుకున్నారు. లేనిది టాలెంటు కాదురా నాయనా, ఆరు నెలల సరళీ వరసలు!

పోయిన ఆదివారం 'రొమాన్స్' మళ్ళీ వాయించాను. పన్నెండో ఫ్రెట్ తగిలింది. అమ్మ పక్కగదిలోంచి ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనలేదంటే అర్థం నాకు తెలుసు.

కాదంటారా? స్కేల్ ముట్టుకోకుండా ఆ నాలుగో బారు నుంచి ఐదో బారుకి పదిసార్లు వరసగా తప్పకుండా వెళ్ళి చూపించండి. నాగోల్ స్టేషన్లో దిగి ఓ మాట చెప్పండి. టీ నా ఖర్చు, క్షమాపణ కూడా నాదే.