దప్పిగొన్నవారికి ఎలాంటి నీళ్లు ఇస్తున్నాం?

శిడ్లఘట్ట, చింతామణి, బాగేపల్లి, చిక్కబళ్ళాపురం తాలూకాల్లో ఏ ఊరికి వెళ్లినా ముందు వినిపించేది నీళ్ల మాటే. పెన్న, చిత్రావతి, పాపఘ్ని పుట్టింది మన నంది కొండల ప్రాంతంలోనే. అయినా ఏడాది పొడుగునా పారే ఏరు మనకు ఒక్కటీ లేదు. మల్బరీ తోట, పాడి ఆవు, టమాటా మడి అన్నీ బోరు మీదే బతకాలి. వెయ్యి అడుగులు దాటి తవ్వితే వచ్చే నీళ్లలో చాలాచోట్ల ఫ్లోరైడ్ ఉంటుంది. శాశ్వత నీటి వసతి కోసం 2016 మార్చిలో ఈ జిల్లాల రైతులు ట్రాక్టర్లు కట్టుకుని బెంగుళూరు దారి పట్టిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది.

అలాంటి నేలకు ప్రభుత్వం ఇచ్చిన జవాబు బెంగుళూరు మురుగునీరు. నగరంలో వాడి వదిలిన నీటిని శుద్ధి చేసి, పైపుల ద్వారా ఎత్తిపోసి, ఎండిన చెరువులు నింపడం ఈ పథకం. కోరమంగల-చల్లఘట్ట లోయ నీళ్లు (కె.సి. వ్యాలీ) రోజుకు 44 కోట్ల లీటర్లు కోలారు వైపుకు, హెబ్బాళ-నాగవార లోయ నీళ్లు (హెచ్.ఎన్. వ్యాలీ) రోజుకు 21 కోట్ల లీటర్లు 65 చెరువులకు అన్నది లెక్క. ఈ రెండో పథకంలో పెద్ద వాటా మన చిక్కబళ్ళాపురం జిల్లాది. కందవార చెరువు నిండింది ఈ నీళ్లతోనే.

దీని మీద జనం మాట రెండు రకాలుగా ఉంది. ఏళ్ల తరబడి ఎండిన బోరులో మళ్లీ నీళ్లు పడిన రైతు సంతోషిస్తున్నాడు. "ఏ నీళ్లయితేనేం, చెరువు నిండింది కదా" అంటున్నాడు. అతని మాటను తేలికగా తీసుకోవడానికి మనకు హక్కు లేదు. అప్పు చేసి బోరు వేసి, దుమ్ము మాత్రమే చూసినవాడు అతను. మరోవైపు నీటి పోరాట సంఘాలు, కొందరు శాస్త్రవేత్తలు ఈ నీటికి మూడో దశ శుద్ధి కావాలని మొదటినుంచీ అడుగుతున్నారు. 2018 జూన్‌లో కోలారు జిల్లా లక్ష్మీసాగర చెరువుకు కె.సి. వ్యాలీ నీళ్లు చేరాయి. జూలైకల్లా అక్కడ నురగ కనిపించింది. హైకోర్టు నీళ్లు ఆపమంది. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లి, చివరికి నీళ్లు మళ్లీ పారాయి. శుద్ధి మాత్రం రెండో దశ దగ్గరే ఆగిన పథకం ఇది.

ఈ దశలేమిటో యువత తెలుసుకోవాలి. మొదటి దశలో చెత్త, మడ్డి కిందికి దిగుతాయి. రెండో దశలో సూక్ష్మజీవులు మురికిని తింటాయి. నీళ్లు తేటగా కనబడతాయి కానీ నత్రజని, భాస్వరం, రోగకారక క్రిములు కొంత మిగులుతాయి. చెరువును గుర్రపుడెక్క కమ్మేది ఈ మిగులు వల్లే. మూడో దశలో ఆ నీటిని మళ్లీ వడగట్టి, నత్రజని, భాస్వరం తగ్గించి, క్రిములను చంపుతారు.

"ఈ నీళ్లు తాగడానికి కావు, భూగర్భ జలం పెంచడానికే, మట్టే వడపోస్తుంది" అని అధికారులు అంటారు. మన పల్లెల్లో తాగేది ఆ భూగర్భ జలమే కదా! చెరువు కింద బోరు, బోరు పైన ట్యాంకు, ట్యాంకు నుంచి కుళాయి. పశువులైతే నేరుగా చెరువులోనే తాగుతాయి. క్యాన్ నీళ్లు కొనుక్కోగల ఇల్లు తప్పించుకుంటుంది. కూలి డబ్బుతో బతికే కాలనీ ఇల్లు తప్పించుకోలేదు.

వాడిన నీటిని మళ్లీ వాడడం తప్పు కాదు. నమీబియాలోని విండ్‌హోక్ నగరం 1968 నుంచి మురుగునీటిని శుద్ధి చేసి తాగునీటిలో కలుపుతోంది. సింగపూర్ 2003 నుంచి సన్నని పొరల గుండా వడపోసి, అతినీలలోహిత కిరణాలతో క్రిములను చంపి వాడుతోంది. ఆ ఊళ్లవాళ్లు తమ మురుగును తామే శుద్ధి చేసి తామే తాగుతున్నారు కనుక ఖర్చుకు వెనకాడరు. మన దగ్గర మురుగు ఒకరిది, దాహం మరొకరిది. శుద్ధి సగంలో ఆగడానికి వీలు కలిగింది అక్కడే.

యెహెజ్కేలు గ్రంథం 34వ అధ్యాయం ఒకసారి తెరిచి చూడండి. బలిసిన గొర్రెలు మంచినీళ్లు తాగి, మిగిలినవాటిని కాళ్లతో కలకచేస్తే, బక్క గొర్రెలు ఆ బురదనీళ్లే తాగవలసి వస్తున్నదని దేవుడు అక్కడ తీర్పు తీరుస్తాడు. వందమైళ్లకు తక్కువ దూరంలోని కావేరి నుంచి తేట నీళ్లు తెచ్చుకునే నగరాన్ని, దాని వాడకం నీళ్ల కోసం ఎదురుచూసే పల్లెను పక్కపక్కన పెట్టి చదివితే ఆ మాట ఎంత దగ్గరిదో అర్థమవుతుంది. దప్పిగొన్నవానికి నీళ్లివ్వడం ప్రభువుకు ఇచ్చినట్టే అని నమ్మేవాళ్లం మనం. ప్రభువు చేతికి సగం శుద్ధి చేసిన గిన్నె అందిస్తామా?

ఆ అధ్యాయం మనల్నీ వదలదు. శిడ్లఘట్టలో పట్టుగూళ్లు ఉడికించిన నీళ్లు, చచ్చిన పురుగుల కంపు ఏ కాలువలోకి పోతున్నాయి? మన చర్చి విందుల్లో వాడిన ప్లాస్టిక్ గ్లాసులు ఏ చెరువు గట్టున తేలుతున్నాయి? దిగువన చిత్రావతి, పాపఘ్ని, పెన్న వెంట సత్యసాయి, కడప, నెల్లూరు జిల్లాల్లో ఉన్నది మన పొరుగువారే. నగరాన్ని నిలదీసే నోటికి ముందు మన కాలువ శుభ్రంగా ఉండాలి.

కనుక మన సంఘాలు ఈ పనులు చేపట్టాలని కోరుతున్నాం. గ్రామసభలో మూడో దశ శుద్ధి కోసం తీర్మానం పెట్టించండి. చెరువు నీటి, బోరు నీటి పరీక్షా ఫలితాలను పంచాయతీ గోడ మీద కన్నడంలోనూ తెలుగులోనూ అంటించమని అడగండి. ఇవ్వకపోతే, చిన్న నీటిపారుదల శాఖకు, కాలుష్య నియంత్రణ మండలికి 2005 సమాచార హక్కు చట్టం కింద అర్జీ రాయండి. చదువుకున్న యువకులు ఆ కాగితాన్ని చదివి అమ్మలకు, అవ్వలకు వివరించండి. రైతు సంఘాలతో కలిసి నడవండి. ఈ నీటికి మతం లేదు.

చెరువు నిండినందుకు దేవునికి స్తోత్రం చెబుదాం. ఆ నీళ్లు శుభ్రంగా ఉండాలని ప్రభుత్వాన్ని అడుగుదాం. పేదవాడికి ఏది ఇచ్చినా చాలు, నోరు మూసుకుని పుచ్చుకోవాలి అనే మాటను మాత్రం ఒప్పుకోవద్దు.