గర్భసంచులు తీసేస్తున్నారు! ఎందుకని అడిగే మన ఆడపిల్ల ఏది?

అమ్మలారా! అక్కచెల్లెళ్ళారా! ఆడపిల్లల్ని కన్న నాన్నలారా!

మన వీధిలోనే లెక్కెయ్యండి. నలభై నిండకుండా గర్భసంచి తీయించుకున్నవాళ్ళు ఎంతమంది? ఎవర్ని కదిపినా ఒకటే మాట. "తెల్లబట్ట అవుతోందని వెళ్ళా. ఉంచుకుంటే క్యాన్సర్ అవుద్దన్నారు. తీసేశారు." వడ్డీకి తెచ్చి మరీ ఆపరేషన్! ఆ తర్వాత? నడుం నొప్పి. ఒంట్లో ఆవిర్లు. ఎముకలు గుల్ల. నాటుకి వంగలేరు, కుప్ప నూర్పుకి నిలబడలేరు. కూలి పోయింది, అప్పు మిగిలింది!

ఇది మన ఖర్మా? కాదు! 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఏం చెప్పింది? 15 నుంచి 49 ఏళ్ళ లోపు ఆడవాళ్ళలో గర్భసంచి తీసేసినవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి 3 మంది. మన ఆంధ్రప్రదేశ్‌లో దగ్గర దగ్గర 9 మంది! మనకే ఎందుకు? ఈ కృష్ణా నీళ్ళు తాగి, ఈ పొలాల్లో పురుగుమందు వాసన పీల్చి, ఈ తిండి తిని బతికే మన ఒంట్లో ఏం జరుగుతోంది? ఏళ్ళ తరబడి కూర్చుని తేల్చేవాళ్ళు ఎవరు?

అడిగితే కదులుతుంది! హైదరాబాద్ డాక్టర్లు ఎస్.వి. కామేశ్వరి, వింజమూరి ప్రకాశ్ మెదక్ జిల్లా పల్లెలకెళ్ళి ఈ ఆపరేషన్ల లెక్క బయటికి లాగారు. 2023లో సుప్రీంకోర్టు కూడా మాట్లాడింది. అనవసరపు గర్భసంచి ఆపరేషన్లు ఆపే నిబంధనలు మూడు నెలల్లో అమల్లో పెట్టమని రాష్ట్రాలకి చెప్పింది.

ఖమ్మం సంగతి మర్చిపోయామా? 2009లో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకి క్యాన్సర్ టీకా పరిశీలన పేరుతో సూదులు పొడిచారు. ఎంతోమందికి అమ్మానాన్నల సంతకం లేదు, హాస్టల్ వార్డెన్ సంతకమే! టీకా చెడ్డదని మేమనడం లేదు. అడక్కుండా వేశారు, అదీ మా కోపం! 2010లో భద్రాచలం వెళ్ళి ఆ పిల్లల పక్కన కూర్చుని విషయం రాబట్టిందెవరు? మహిళా ఆరోగ్య కార్యకర్తలు! ఆడపిల్ల నెలసరి సంగతి ఇంకో ఆడమనిషికి చెప్పుకుంటుంది. కోటు వేసుకుని కాగితం పట్టుకొచ్చిన మగాయనకి చెబుతుందా?

ఆడవాళ్ళ ఆరోగ్యం కోసం ఆడవాళ్ళే నిలబడడం బెజవాడకి కొత్తేం కాదు. డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ ఇక్కడే వైద్యం చేసింది. ప్రసూతి గురించి ఆడవాళ్ళకి అర్థమయ్యే తెలుగులో పుస్తకం రాసింది. 1957లో విజయవాడ నుంచి పార్లమెంటుకి వెళ్ళింది. ఆ గడ్డ మనది!

మరి ఇవాళ? ఒక పక్క విజయవాడలో 1986 నుంచి హెల్త్ యూనివర్సిటీ. ఇంకో పక్క బందరులో 2023లో మొదలైన ప్రభుత్వ మెడికల్ కాలేజీ. కృష్ణ దాటితే మంగళగిరి ఎయిమ్స్. నడిమధ్యన మన కంకిపాడు! నర్సింగ్, ఫార్మసీ, మైక్రోబయాలజీ, ఎంబీబీఎస్, ఏ క్లాసు చూసినా మన ఆడపిల్లలే. రీసెర్చి దగ్గరికి వచ్చేసరికి దేశంలో ఐదుగురికి ఒక్క ఆడమనిషి కూడా లేదు!

ఎక్కడ రాలిపోతున్నారు? మనకి తెలీదా! పీహెచ్‌డీలో చేరిన ఏడాదికే సంబంధాలు. "పెళ్ళయితే మానేస్తావుగా, నీకెందుకు సీటు?" అని ఇంటర్వ్యూలోనే దెప్పుడు. పరిశోధన చేసేవాళ్ళకిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ 2023 నుంచి నెలకి 37,000 రూపాయలని కాగితం మీద ఉంది. చేతికి ఎప్పుడొస్తుంది? నెలల తరబడి ఎదురుచూపు, ఈలోపు హాస్టల్ బాకీ! కడుపుతో ఉంటే "ఇంట్లో ఉండమ్మా" అంటారు. బిడ్డ పుడితే చూసే దిక్కు లేదు. రాత్రి దాకా శాంపిళ్ళు చూసి బయటికొస్తే బందరు రోడ్డు మీద బస్సు కోసం బిక్కుబిక్కుమంటూ నిలబడాలి. కాంట్రాక్టు ప్రాజెక్టు అయిపోతే ఉద్యోగమూ అయిపోతుంది. ముప్పై ఐదుకి తిరిగొస్తే వయసు దాటిందంటారు! తెలివి తక్కువై మానేస్తున్నారా? మాన్పిస్తున్నారు!

చట్టం మన వైపే ఉంది. పీహెచ్‌డీ చేసే అమ్మాయికి 240 రోజుల దాకా ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఇవ్వొచ్చని యూజీసీ నిబంధన. చదువు ముగించడానికి రెండేళ్ళు అదనం. ఉద్యోగినికి 26 వారాల దాకా జీతంతో సెలవు. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలి, 2017 సవరణతోనే ఆ నియమం వచ్చింది. మధ్యలో ఆగిపోయినవాళ్ళు తిరిగి రావడానికి కేంద్ర ఆరోగ్య పరిశోధన శాఖలో, సైన్స్ శాఖలో ఫెలోషిప్పులున్నాయి. మన అమ్మాయిల్లో ఎంతమందికి తెలుసు? ఎవరైనా చెప్పారా?

కదలండి! మీ అమ్మాయి చదివే కాలేజీకి వెళ్ళండి. క్రెష్ ఎక్కడుందో చూపించమనండి. వేధింపుల మీద ఫిర్యాదులు వినే కమిటీలో ఎవరున్నారో గోడ మీద రాయించండి. ఫెలోషిప్ ఆగితే ఒక్కత్తే ఆఫీసు చుట్టూ తిరగొద్దు, అందరూ కలిసి వెళ్ళండి! రాత్రి పని చేసేవాళ్ళకి కాలేజీ బస్సు అడగండి. సంబంధం మాట్లాడేటప్పుడే, "మా పిల్ల పరిశోధన ఆపదు" అని తేల్చి చెప్పండి నాన్నలారా! అత్తమ్మలారా, ఆ పిల్ల రాసే థీసిస్ రేపు మీ మోకాళ్ళ కోసమే!

మనం అడిగేవి ఇవీ. కృష్ణా జిల్లా ఆడవాళ్ళ జబ్బుల మీద ఇక్కడే పరిశోధన పెట్టాలి. అందులో మన అమ్మాయిలకి పర్మినెంటు పోస్టులివ్వాలి. గర్భసంచి ఆపరేషన్ల లెక్క మండలాల వారీగా బయటపెట్టాలి. బిడ్డలు పుట్టి ఆగిపోయినవాళ్ళకి వయసు పరిమితి సడలించాలి. ఇవే రాసి హెల్త్ యూనివర్సిటీ వైస్ చాన్సలర్‌కి, కలెక్టర్‌కి, ఎమ్మెల్యేకి పంపుదాం. వచ్చే గ్రామసభలో లేచి చదువుదాం. సంతకం రానివాళ్ళు వేలిముద్ర వెయ్యండి. ఈ కాగితం చింపెయ్యకండి, పక్కింటి అక్కకి ఇవ్వండి!

ఇట్లు,
కంకిపాడు ఆడపిల్లలు, వాళ్ళ అమ్మలు