వరూధిని, ఎంకి: అందానికి రెండు కొలతలు

గత నెల మా అబ్బాయికి ఒక సంబంధం వచ్చింది. అమ్మాయి ఫొటో చేతికి అందగానే మా నోట వెలువడిన తొలిమాట, "రంగు కొంచెం తక్కువేమో!" మా శ్రీమతి మారు పలుకక, ఫొటో తీసుకొని లోపలికి వెళ్ళిపోయారు. ఆ మౌనం మమ్మల్ని పామేడుకు తీసుకొనిపోయింది.

1997లో సర్వే పనిపై మేము అక్కడ పదిహేను రోజులు గడిపాము. పామేడు నేడు ఛత్తీస్‌గఢ్‌లోని బిజాపూరు జిల్లాలో ఉన్నది. నాడది మధ్యప్రదేశ్‌లోని బస్తర్ సీమ. మేము వెళ్ళినది మాత్రం మన భద్రాచలం, చర్లల మీదుగానే. మాతో వచ్చిన సీనియర్ ఇంజనీరుగారు గొప్ప సాహిత్యప్రియులు. రాత్రివేళ లాంతరు వెలుగులో మనుచరిత్ర చదివి అర్థం చెప్పేవారు. మా సంచిలో ఎంకి పాటలు ఉండేవి.

ఒకనాడు చర్ల నుండి వచ్చిన జీపులో ఆయనకు ఉత్తరం అందింది. వారి పెద్దమ్మాయిని చూచి వెళ్ళినవారు, పిల్ల చామనఛాయ అని సంబంధం వద్దన్నారట. ఆ రాత్రి ఆయన వరూధిని ఘట్టమే తెరిచారు.

శ్రీకృష్ణదేవరాయల (1509–1529) ఆస్థానకవి అల్లసాని పెద్దన అందాన్ని ఎంత క్రమంగా ప్రవేశపెడతాడో చూడండి. హిమాలయాలలో దారి తోచని ప్రవరునికి ముందుగా కస్తూరి, కర్పూరం, తాంబూలం కలిసిన పరిమళం సోకుతుంది. పిదప రూపం కనబడుతుంది. మెరుపు, తామర, తుమ్మెద, చంద్రుడు వరుసగా వచ్చి ఆ రూపానికి సాటిగా నిలుస్తాయి. మన పరిభాషలో అది సంపూర్ణమైన స్పెసిఫికేషన్. వరూధిని కూడ ప్రవరుని అట్లే చూచి, అట్లే మోహిస్తుంది. ప్రవరుడు ఆమెను కాదని ఇంటికి వెళ్ళిపోయాడు. ఆపైన ఒక గంధర్వుడు ప్రవరుని రూపం ధరించి వస్తే ఆమె నమ్మింది.

"చూశావటోయ్! కొలతలన్నీ సరిపోయాయి. మనిషే వేరు," అన్నారాయన.

మేము ఎంకి పాటలు తీశాము. నండూరి వెంకట సుబ్బారావు (1895–1957) పల్లెమాటలో కూర్చిన ఆ పాటలు 1925లో పుస్తకంగా వచ్చాయి. ఎంకి మెడలో పూసలు, తలలో పూలు మనకు కనబడతాయి. కాని నాయుడు బావ అక్కడ ఆగడు. ఆమె కన్నెత్తి చూచే తీరు, పదం పాడే గొంతు, కథ చెప్పే నేర్పు అతనికి ముఖ్యం. ఎంకికి సాటి మరొకతె లేదనుటయే అతని ఉపమానం. దీపం ఆర్పివేయమని అతడు ఎంకిని వేడుకొనే పాట ఒకటున్నది. వెలుగులో ఆమెపై మనసు నిలువదని అతని మొర. అది కంటికి కనిపించే అందం కాదు, పరిచయం వలన తెలిసే అందం. దానికి నకలు తయారు చేయుట ఏ గంధర్వునికీ సాధ్యం కాదు.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. లాంతరు వత్తి తగ్గిస్తూ, "మా పిల్లను వాళ్ళు వెలుగులోనే చూశారోయ్," అన్నారు.

అంతమాత్రాన పెద్దన తక్కువవాడని మా అభిప్రాయం కాదు. చూపు వలన కలిగే మోహం ఎంత నిజమో, అది ఎంత సులభంగా మోసపోగలదో ఒకే కావ్యంలో చూపిన మహాకవి ఆయన. మొదటి సగం మాత్రం చదివి పెళ్ళిచూపులకు వెళ్ళుట మన పొరపాటు. పామేడులో అంత విన్న తరువాత కూడ మేము ఆ పొరపాటే చేశాము.

మరునాడు శ్రీమతి ఎదుట మా మాట వెనుకకు తీసుకొన్నాము. వెళ్ళి అమ్మాయితో తీరికగా మాట్లాడి రమ్మని అబ్బాయికి చెప్పాము. వీణ్ణి చూచి ఆమె ఏమంటుందో, అది ఆమె ఇష్టం. ఫొటో మాత్రం మేము మరల అడుగలేదు.