కళా మ్యూజియం జనంతో కలిసి కట్టండి

విశాఖపట్నం

శ్రీయుత ఉపకులపతి గారికి,
ఆంధ్ర విశ్వవిద్యాలయం, విశాఖపట్నం.

విషయం: విశ్వవిద్యాలయంలో కళా మ్యూజియం ఏర్పాటు, దాని ప్రణాళికలో స్థానికులకు భాగస్వామ్యం కోరుతూ వినతి.

ఆర్యా,

1926లో ఏర్పడిన మన విశ్వవిద్యాలయం నూరేళ్ల మైలురాయికి చేరింది. ఈ సందర్భంగా ప్రజలందరికీ తెరిచి ఉండే కళా మ్యూజియాన్ని నెలకొల్పాలని లలితకళల పూర్వ విద్యార్థులం, హస్తకళాకారులం, ఉపాధ్యాయులం, నగరవాసులం కోరుతున్నాం. కలకత్తా విశ్వవిద్యాలయం 1937లోనే అశుతోష్ మ్యూజియాన్ని తెరిచింది. ఏటికొప్పాక లక్క బొమ్మలు, బొబ్బిలి వీణ, పొందూరు ఖద్దరు, సవర ఆదివాసీల గోడ చిత్రాలు ఉన్న ఉత్తరాంధ్రకు అలాంటి చోటు కావాలి.

భవనం కట్టేశాక జనాన్ని పిలిస్తే సరిపోదు. ఏం సేకరించాలి, ఎలా చూపాలి అని తేల్చే రోజే వాళ్లు అక్కడ కూర్చోవాలి. అందుకే ఈ కింది కోర్కెలు మీ ముందుంచుతున్నాం.

1. ప్రణాళికా సంఘంలో సగం స్థానాలు కళాకారులకు, ఆదివాసీలకు, మత్స్యకార పేటల వారికి, బడి పంతుళ్లకు, దివ్యాంగులకు ఇవ్వాలి. సమావేశాలకు వచ్చిన రోజు కూలి, దారి ఖర్చులు చెల్లించాలి.

2. మ్యూజియం ద్వారం బస్సు దిగి నేరుగా నడిచి వచ్చేలా రోడ్డు వైపు ఉండాలి. ప్రవేశం ఉచితంగా ఉండాలి. కష్టజీవులకు తీరిక దొరికే ఆదివారాలు, సాయంత్రాలు తెరిచి ఉంచాలి.

3. ప్రతి వస్తువు దగ్గర వివరాలు ముందు తెలుగులో, పెద్ద అక్షరాల్లో రాయాలి. చేసినవారి పేరు, ఊరు తెలిస్తే తప్పనిసరిగా వేయాలి.

4. వస్తువుతో పాటు పనితనం కూడా కనిపించాలి. ఏటికొప్పాకలో లేత్ మీద తిరుగుతున్న అంకుడు కర్రకు రంగు లక్కను అదిమితే, రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పడుతుంది. ఆపైన మొగలి ఆకుతో రుద్దితే నిగనిగలాడుతుంది. అద్దాల బీరువాలోని బొమ్మ ఈ సంగతి చెప్పలేదు. అందుకని కళాకారులు వంతులవారీగా పని చేసి చూపే గది కట్టి, వారికి గౌరవ వేతనం ఇవ్వాలి.

5. సవరల గోడ చిత్రాలు పూజతో ముడిపడినవి. ఆయా ఊళ్ల సవర పెద్దల అనుమతి లేనిదే వాటిని సేకరించకూడదు, ప్రదర్శించకూడదు.

6. సముద్రపు ఉప్పుగాలి, తేమ బట్టను, కాగితాన్ని, కర్రను తినేస్తాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను ఈ నగరాన్ని ఎలా కుదిపిందో అందరికీ తెలుసు. తుపానును తట్టుకునే, వస్తువులను భద్రపరిచే గదులు, మరమ్మతు ప్రయోగశాల ముందు కట్టి, ప్రదర్శనశాల తర్వాత కట్టాలి. ఏటా నిర్వహణకు విడిగా నిధి కేటాయించాలి.

7. మన్యం బడుల పిల్లలను తీసుకురావడానికి బస్సు ఏర్పాటు చేయాలి. విద్యార్థులకు మ్యూజియం నిర్వహణలో కోర్సు, శిక్షణ ఇవ్వాలి.

పై కోర్కెలను పాలకమండలి ముందుంచి, భవన నమూనా గీయించడానికి ముందే ప్రణాళికా సంఘాన్ని నియమించాలని, మొదటి సమావేశం తేదీని బహిరంగంగా ప్రకటించాలని సవినయంగా కోరుతున్నాం.

ఇట్లు,
మీ విధేయులు,
పూర్వ విద్యార్థులు, హస్తకళాకారులు, ఉపాధ్యాయులు, నగరవాసులు